పులిసిన చేపా, పులిసిపోయిన చేపా?

గ్రూపు పెద్దలకు ఓ ప్రశ్న: సుర్‌స్ట్రోమింగ్ అనే స్వీడన్ డబ్బా చేపని తెలుగులో ఏమనాలి? మొన్న వేసవిలో స్వీడన్ ఉత్తరాన షెప్స్‌మాలెన్ అనే జాలరి పల్లెకి వెళ్లాం. అక్కడ సుర్‌స్ట్రోమింగ్‌కి ఓ చిన్న మ్యూజియం ఉంది. బాల్టిక్ సముద్రపు చిన్న హెర్రింగ్ చేపని గుడ్లు పెట్టబోయే ముందు, ఏప్రిల్, మే నెలల్లో పట్టి ఉప్పునీళ్లలో వేస్తారు. ఉప్పు ఖరీదైన కాలంలో పుట్టిన పద్ధతట. కుళ్లకుండా ఆపేటంత ఉప్పే, పులుపుని ఆపేటంత కాదు. డబ్బాలో పెట్టి మూసినా లోపల పని సాగుతూనే ఉంటుంది. మూత ఉబ్బి, డబ్బా బుంగమూతి పెట్టుకున్నట్టుంటుంది. 2006లో కొన్ని విమాన సంస్థలు దీన్ని విమానాల్లోకి తేవద్దన్నాయి. ఆగస్టు మూడో గురువారం కొత్త సరుకు విప్పుతారు, అదీ ఆరుబయటే, కంపు అలాంటిది.

సాయంత్రం అమ్మకి ఫోన్లో చెప్పబోయాను. సుర్ అంటే పులుపు కదా, "పుల్ల చేప" అన్నా. "చింతపండు ఏపాటి వేశారు?" అంది. చేపల పులుసనుకుంది పాపం.

"కాదమ్మా, పులిసిన చేప."

"పులిసిపోతే పారెయ్యక మ్యూజియంలో పెట్టడమేంట్రా!"

నేను అనని ఆ "పోయిన" ఆవిడకెలా వినిపించిందో! పిండి పులిస్తే అట్టు, పులిసిపోతే పారబోత. చేప దగ్గరకొచ్చేసరికి ఆ తేడా ఎందుకు చెరిగిపోతోంది? ఊరబెట్టిన చేప అనొచ్చా?

— ఊరడమంటే ఉప్పూ కారం ముక్కలోకి దిగడమండీ. బావిలో నీరు ఊరుతుంది, నోరు ఊరుతుంది. పోతన గారి చల్దుల పద్యంలో గోపబాలుడు పక్కవాణ్ణి "ఊరించుచు" ఊరుగాయలు తింటాడు చూడండి. చేప లోలోపల మారిపోవడం ఆ మాటలో లేదు. మాగిన చేప అనండి.

— మాగడం పండుకి గురూ గారూ! ఆ కంపుని మాగడమంటే మామిడిపండు ఏడుస్తుంది. మాది ఉప్పాడ. మాకు చేప అంటే పచ్చిది, లేదంటే ఎండుది. ఇసకలో పరిస్తే ఎండే చూసుకుంటుంది. ఇంక చేపని పులిపించే పనేంటి, దానికో మాటేంటి?

— పాఠ్యపుస్తకాల్లో పులియడానికి కిణ్వనం అనే మాట ఉందిగా. కిణ్విత మీనం!

— అది తినేదాంట్లా లేదండీ, పరీక్షలో రాసేదాంట్లా ఉంది.

అందరికీ ధన్యవాదాలు. చివరికి "పులవబెట్టిన చేప" అన్నాను. దానంతటది పులవలేదు, ఎవరో పనిగట్టుకుని పెట్టారని "బెట్టు" చెప్పేస్తుందిగా. అమ్మ కాసేపు ఆగి, "ఎన్నాళ్లు ఉంచాలట?" అంది.