నాన్నగారు లూథరన్, అత్తగారు ఆర్‌సీఎం: నాన్న పేరు మీద పూజ పెట్టించొచ్చా?

నరసరావుపేట ఆడపడుచు:

అందరికీ వందనాలు. పుట్టిల్లు లూథరన్, అంటే మార్టిన్ లూథర్ బాటలో నడిచే ప్రొటెస్టెంట్ సంఘం. ఫిరంగిపురం దగ్గర ఆర్‌సీఎం (రోమన్ కాథలిక్) ఇంటికి కోడలిగా వచ్చాను. మొన్న వేసవిలో నాన్నగారు ప్రభువునందు నిద్రించారు. భూస్థాపన, ఆదరణ కూడిక అన్నీ మా అయ్యగారే (పాస్టరు గారే) జరిపించారు.

చనిపోయినవారిని తలచుకునే సమాధుల పండుగ, నవంబరు 2 దగ్గరపడుతోంది కదా, అత్తగారు మామగారి సమాధికి సున్నం వేయించి, పూలకూ కొవ్వొత్తులకూ చెప్పేసి, "మీ నాన్న పేరు కూడా పూజకు ఇద్దామే" అన్నారు. పూజ అంటే గుడిలో ఫాదర్ గారు అర్పించే బలిపూజ (మాస్). ఆవిడకు నాన్నంటే అభిమానం. ఆయన వస్తున్నారంటే గోంగూర పచ్చడి నూరి విడిగా దాచేవారు. కాదనడానికి నోరు రాలేదు.

అన్నయ్యకు చెబితే ఫోన్లోనే గొడవ. వాడిప్పుడు శనివారం ఆరాధనకు (సెవెంత్‌డే అడ్వెంటిస్టు సంఘానికి) వెళ్తున్నాడు. "నాన్న నిద్రలో ఉన్నాడు, ఆయనకేమీ తెలీదు, పూజ ఎవరికి?" అంటాడు. అయ్యగారేమో సమాధి దగ్గరే "ఈ క్షణాన పరదైసులో ఉన్నారు" అన్నారు. అత్తగారి లెక్కలో ఉత్తరించు స్థలంలో, అంటే మోక్షానికి ముందు ఆత్మ శుద్ధి అయ్యే చోట ఉన్నారు. బతికున్నన్నాళ్లూ ఊరు దాటని మనిషిని ముగ్గురూ మూడు చోట్ల పెట్టారు! మా చిన్నది "తాతయ్య నన్ను చూస్తున్నాడా?" అని రోజూ అడుగుతోంది. పూజకు ఒప్పుకుంటే నాన్న విశ్వాసాన్ని తక్కువ చేసినట్టవుతుందా? తెలిసినవాళ్లు చెప్పండి.

ఉపదేశి గారబ్బాయి:

అక్కా, ముందు ఒక అపోహ. ఉత్తరించు స్థలం అంటే సగం నరకం కాదు, రెండో అవకాశమూ కాదు. ప్రాణం పోగానే ప్రతి ఆత్మకూ తీర్పు అయిపోతుందని మా నమ్మకం. దేవుని స్నేహంలో చనిపోయి, ఇంకా శుద్ధి కావలసినవాళ్లే అక్కడ ఉంటారు, అందరూ మోక్షానికి చేరేవాళ్లే. శుద్ధి అక్కర్లేని వారి ఆత్మలు చివరి తీర్పు దాకా ఆగకుండానే దేవుణ్ణి ముఖాముఖి చూస్తాయని 1336లోనే పోపు 12వ బెనెడిక్ట్ గారు ప్రకటించారు. కాబట్టి మీ నాన్నగారు ఫలానా చోట ఉన్నారని మీ అత్తగారే కాదు, ఫాదర్ గారు కూడా చెప్పలేరు. తెలియదు కనుకే ప్రార్థన.

1563లో ట్రెంట్ మహాసభ (కాథలిక్ బిషప్పుల సభ) కూడా అక్కడ మంట ఎంత, ఎన్నేళ్లు అని లెక్కలు చెప్పలేదు. పైగా దీని పేరుతో మూఢనమ్మకాలు, డబ్బు వ్యవహారాలు నడవనీయొద్దని బిషప్పులకు గట్టిగా చెప్పింది. ఆధారం రెండో మక్కబీయుల గ్రంథం 12వ అధ్యాయం. యుద్ధంలో పడిపోయిన తన సైనికుల పాపాల కోసం బలి అర్పించమని యూదుల సేనాని యూదా యెరూషలేముకు వెండి పంపుతాడు. మీ బైబిల్లో ఆ పుస్తకం ఉండదు, అసలు పేచీ అక్కడే.

ఇక పూజ సంగతి. బతికున్నవారైనా చనిపోయినవారైనా, ఎవరి కోసమైనా గురువు పూజ అర్పించవచ్చని తిరుసభ (కాథలిక్ సంఘం) చట్టం 901వ నియమం. లూథరన్ అని అడ్డు లేదు.

రిటైర్డ్ మాస్టారు:

అమ్మా, నేనూ మీ సంఘం వాణ్ణే. సిలువ మీద దొంగకు ప్రభువు మాట ఇచ్చింది ఆ రోజుకే (లూకా 23:43). వెళ్లిపోయి క్రీస్తుతో ఉండటమే మేలని పౌలు రాశాడు (ఫిలిప్పీ 1:23). క్రీస్తు రక్తం చాలినప్పుడు మళ్లీ శుద్ధి దేనికని మన వాళ్ల ప్రశ్న. 1517లో లూథర్ రగడ మొదలైంది కూడా ఉత్తరించు స్థలం పేరుతో అమ్మిన పాపపరిహార పత్రాల మీదే.

అయితే మన సంఘంలో చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. మన లూథరన్ల విశ్వాస ప్రకటన అయిన ఆగ్స్‌బర్గ్ ఒప్పుదలకు సమర్థనగా 1531లో లూథర్ సహచరుడు మెలాంక్తన్ రాసినదాంట్లో, చనిపోయినవారి కోసం ప్రార్థించడాన్ని మేం నిషేధించం అని స్పష్టంగా ఉంది. ప్రభు భోజనాన్ని వాళ్ల కోసం బలిగా అర్పించడాన్నే ఆయన ఒప్పుకోలేదు. కాబట్టి మీరెళ్లి కూర్చుని ప్రార్థన చేసుకుంటే నాన్నగారి విశ్వాసానికి వచ్చిన లోటేమీ లేదు. మీ అన్నయ్యను మరీ కోప్పడకండి, మరణాన్ని గాఢనిద్ర అని లూథరే చాలాసార్లు అన్నాడు. ఆత్మ నిద్రపోదని 1534లో పుస్తకమే రాసినవాడు మరో ప్రొటెస్టెంట్ నాయకుడు కాల్విన్.

ఏడో దినం:

అన్నయ్య చెప్పింది వాక్యమే సిస్టర్, చెప్పిన తీరు బాలేదు. చచ్చినవారు ఏమియు ఎరుగరు, ప్రసంగి 9:5. లాజరు చావును ప్రభువే నిద్ర అన్నాడు. నిద్రించినవారికి మధ్యలో కాలం తెలియదు. కళ్లు మూశాక మీ నాన్నగారు ఎరిగే తర్వాతి సంగతి ప్రభువు పిలుపే. మీ ముగ్గురిలో ఎవరూ పునరుత్థానాన్ని కాదనరు, తగాదా అంతా ఈ మధ్యకాలం గురించే. పాప అడిగితే "నిద్రపోతున్నాడు, యేసయ్య లేపుతాడు" అనండి.

నరసరావుపేట ఆడపడుచు:

అందరికీ కృతజ్ఞతలు. మాస్టారూ, ఆ 1531 మాట అన్నయ్యకు పంపాను. చూశాడు, జవాబు లేదు. పాపకు మాత్రం "చూస్తున్నాడో లేదో నాకు తెలీదు, యేసయ్య దగ్గర భద్రంగా ఉన్నాడు" అన్నాను. "నిద్ర" అంటే రాత్రిళ్లు పడుకోవడానికే భయపడేట్టుంది. పూజకు వెళ్తాను. అక్కడ ఇచ్చే దివ్యసత్ప్రసాదం (మన ప్రభు భోజనం లాంటిది) తీసుకోవచ్చా?

ఉపదేశి గారబ్బాయి:

తీసుకోకూడదక్కా, ఆ సమయంలో మీ చోటే కూర్చోండి, ఎవరూ ఏమనుకోరు. పేరు మాత్రం ఇంటిపేరుతో సహా ముందే రాయించండి. ఆ రోజు జాబితా చాంతాడంత ఉంటుంది, ఫాదర్ గారు గబగబా చదివేస్తారు.