లోన్ స్ట్రైకర్: ఒంటి స్ట్రైకరా, ఒంటరి స్ట్రైకరా?

అడిగినవారు:
ఫుట్‌బాల్ మీద ఒక వ్యాసం తెలుగు చేస్తున్నాను. గోల్ కొట్టడానికి అందరికంటే ముందు ఒక్క స్ట్రైకర్‌నే పెట్టి ఆడే 4-2-3-1, 4-5-1 లాంటి పద్ధతుల (గోల్‌కీపర్‌ని వదిలేసి, వెనక నుంచి ముందుకు వరసకు ఎంతమందో చెప్పే అంకెలివి) లాభనష్టాల గురించి. 'లోన్ స్ట్రైకర్' అని వచ్చిన చోటల్లా 'ఒంటరి స్ట్రైకర్' అని పెట్టి చదివితే, అతనెవరో అలిగి పక్కకెళ్లి కూర్చున్నట్టుంది. 'ఏకైక స్ట్రైకర్' అంటే జట్టు మొత్తానికి అతనొక్కడే అనిపిస్తుంది, బెంచి మీద ఇంకో ఇద్దరున్నా సరే. మీరైతే ఏం రాస్తారు?

తెలుగు మాస్టారు:
'ఏకస్ట్రైకర్ వ్యూహం' అనొచ్చు. దుష్టసమాసమే, తెలుసు. పేపర్లలో ఇంతకంటే దుష్టమైనవి రోజూ చదువుతున్నాం.

హనుమకొండ సభ్యుడు:
మన దగ్గర స్ట్రైకర్ అంటే ముందు గుర్తొచ్చేది క్యారమ్ బోర్డు. అక్కడ ఉండేదే ఒక్కటి కాబట్టి ఈ గొడవ లేదు. తర్వాత క్రికెట్. ఆ మాట జనానికి అలవాటైపోయింది, దాన్ని ముట్టుకోకండి. ప్రహారకుడు, దాడికాడు అని రాస్తే పాఠకుడు పేజీ తిప్పేస్తాడు.

పాత సబ్‌ఎడిటర్:
'ఒంటి' అని రాయండి. ఒంటిచేత్తో నెగ్గుకొచ్చాడు అంటాం, ఒంటికాలి మీద లేచాడు అంటాం, ఒంటిస్తంభం మేడ అంటాం, ఒంటెద్దు బండి అంటాం. వీటిలో 'ఒంటి' లెక్క మాత్రమే చెబుతుంది. ఒంటెద్దు బండిలో ఎద్దుకు దిగులేం లేదు, ఆ బండి తయారైందే ఒక్క ఎద్దుకి. 'ఒంటరి' అలా కాదు, అది పరిస్థితి. పదిమంది మధ్య ఉండి కూడా ఒంటరి కావచ్చు.

కాబట్టి మీ వ్యాసానికి రెండూ కావాలి. కోచ్ బోర్డు మీద గీసేది ఒంటి స్ట్రైకర్‌ని. మైదానంలో ఆ గీత చెడినప్పుడు కనిపించేది ఒంటరి స్ట్రైకర్. లాభాలు చెప్పే పేరాల్లో మొదటిది వాడండి, నష్టాల దగ్గర రెండోది దానంతటదే వస్తుంది.

అడిగినవారు:
వినడానికి బాగుందండీ. కానీ ఆటలో నిజంగా అంత తేడా ఉందా, లేక మనం మాటల మీద సాము చేస్తున్నామా?

పాత సబ్‌ఎడిటర్:
ఒకే మనిషి, ఒకే కోచ్, రెండు ప్రపంచకప్‌లు. ఫ్రాన్స్ స్ట్రైకర్ ఒలివియె జిరూ సంగతి చూడండి.

2018 రష్యాలో మొదటి మ్యాచ్ ఆస్ట్రేలియాతో. కోచ్ డెషాంప్ జిరూని బెంచి మీద ఉంచి గ్రీజ్‌మన్, ఎంబాపె, డెంబెలె ముగ్గుర్నీ ముందు పెట్టాడు. ముగ్గురూ వేగంగలవాళ్లే, కానీ బంతిని ఆపి నిలబడేవాడు లేడు. 70వ నిమిషంలో జిరూని దించారు. పోగ్బా బంతిని అతనికి తగిలించి, తిరిగి అందుకుని ముందుకు దూసుకెళ్లాకే 2-1 గోల్ పడింది. ఆ తర్వాత అన్ని మ్యాచ్‌లూ జిరూతోనే మొదలయ్యాయి.

పెరూతో గెలిచింది 1-0. జిరూ కొట్టిన షాట్ డిఫెండర్ కాలికి తగిలి గోల్‌కీపర్ మీదుగా పైకి లేచింది, ఎంబాపె పరుగున వచ్చి తోసేశాడు. అర్జెంటీనాతో 4-3 మ్యాచ్‌లో నాలుగో గోల్ ఇంకా అందంగా ఉంటుంది. బంతి వెనక నుంచి ఒక్కో కాలూ దాటుకుంటూ జిరూ దాకా వస్తుంది. అతను దాన్ని ఆపడు, తిరిగి చూడడు, తన కుడివైపు పరిగెత్తుకొస్తున్న ఎంబాపె దారిలోకి ఒక్క తాకుతో నెడతాడు. చివరికి ఫ్రాన్స్ కప్పు గెలిచింది. జిరూ గోల్స్ ఎన్ని? సున్నా.

ఒంటి స్ట్రైకర్ పద్ధతికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. అతను గోల్ కొట్టడం అదనపు లాభం. అసలు పని ఎదుటి జట్టు ఇద్దరు సెంటర్‌బ్యాక్‌లను, అంటే నడిమి డిఫెండర్లను, తన చుట్టూ తిప్పుకోవడం, గోల్‌కి వీపు పెట్టి బంతిని కాసేపు కాళ్ల దగ్గర ఉంచుకోవడం, పక్కనుంచి పరిగెత్తేవాళ్లకు ఖాళీ చేయడం. ఆ టోర్నీలో గ్రీజ్‌మన్ అతని వెనకే తిరిగాడు, కుడివైపు ఎంబాపె, ఎడమవైపు మట్విడి. ముందు కనిపించేది ఒక్కడే గానీ, పిలిస్తే పలికే దూరంలో ముగ్గురు.

దోహా సభ్యుడు:
మరి 2022 ఫైనల్? మా రూములో అందరం చూశాం. ఫస్టాఫ్ మొత్తం ఫ్రాన్స్ ఒక్క షాట్ కూడా కొట్టలేదు.

పాత సబ్‌ఎడిటర్:
అక్కడికే వస్తున్నాను. ఆ టోర్నీలో జిరూ నాలుగు గోల్స్ కొట్టాడు, ఫ్రాన్స్ తరఫున అత్యధిక గోల్స్ రికార్డూ అక్కడే అతనిదైంది. అంకెలు చూస్తే 2018 కంటే ఎంతో మేలు. కానీ గ్రీజ్‌మన్ ఈసారి మిడ్‌ఫీల్డ్‌లో కిందికి ఆడుతున్నాడు. ఫైనల్లో అర్జెంటీనా మిడ్‌ఫీల్డర్లు ఎన్జో ఫెర్నాండెజ్, డి పాల్, మాక్ అలిస్టర్ అతనికి ఊపిరాడనివ్వలేదు. జిరూకి, మిగతా జట్టుకి మధ్య పెద్ద ఖాళీ. బంతి జిరూదాకా వస్తే సెంటర్‌బ్యాక్‌లు రొమేరో, ఒటామెండి ఇద్దరూ మీదకొస్తారు, తిరిగి ఇద్దామంటే దగ్గర మనిషి లేడు. కొట్టిన బంతి కొట్టినట్టే వెనక్కి వచ్చేస్తోంది. అర్జెంటీనా 2-0తో ముందుంది. 41వ నిమిషంలో, ఇంకా ఫస్టాఫ్ అవకముందే, డెషాంప్ జిరూని, డెంబెలెని బయటికి పిలిచాడు. ఇక్కడ 'ఒంటరి స్ట్రైకర్' అని రాయండి, ఎవరూ కాదనరు.

డెషాంప్ ఆ వెంటనే రెండో స్ట్రైకర్‌ని పెట్టలేదు. ఎంబాపెని మధ్యలోకి తెచ్చి, కొత్తగా దించిన తురామ్, కోలో మువానీలను చెరోపక్క నిలబెట్టాడు. అంటే బోర్డు మీద మళ్లీ ఒక్కడే. 71వ నిమిషంలో గ్రీజ్‌మన్‌ని కూడా తీసేసి కోమన్‌ని దించాక ముందువైపు కాళ్లు పెరిగాయి. కోలో మువానీ పెనాల్టీ సంపాదించాడు. అది గోలై రెండు నిమిషాలు తిరగకముందే కోమన్ మెస్సీ కాళ్ల దగ్గర బంతి లాక్కున్నాడు, రాబియో ముందుకు వేశాడు, ఎంబాపె తలతో తురామ్‌కి ఇచ్చి, అతను తిరిగి లేపిన బంతిని నేల తాకకముందే గోల్లోకి బాదాడు. ఆ క్షణంలో ఎంబాపెకి, తురామ్‌కి మధ్య దూరం చూడండి, ఏడెనిమిది అడుగులు వేస్తే చాలు. మ్యాచ్ 3-3 అయ్యి పెనాల్టీల్లో ఫ్రాన్స్ ఓడింది, అది వేరే సంగతి.

తెలుగు మాస్టారు:
అసలు ఒక్కణ్ణే ముందు పెట్టడం ఎందుకండీ? ఇద్దరుంటే ఒకరికొకరు తోడు కదా. జోడెద్దులు ఉన్న రైతు ఒంటెద్దు ఎందుకు కడతాడు?

పాత సబ్‌ఎడిటర్:
రెండో ఎద్దు మధ్యలో కావాలి కాబట్టి. 4-4-2 ఆడే జట్టుకి నడి మైదానంలో ఇద్దరే. ఎదుటివాడు అక్కడ ముగ్గుర్ని పెడితే ఎప్పుడూ ఒకడు ఖాళీగా దొరుకుతాడు, బంతి ఆ జట్టు దగ్గరే తిరుగుతుంటుంది. 2004-05లో కోచ్ మొరీన్యో చెల్సీ క్లబ్బుతో ఇంగ్లండ్‌లో చేసిందిదే. అప్పటికి అక్కడ ఎక్కువ జట్లు ఇద్దరు స్ట్రైకర్లతోనే ఆడేవి. అతను ముందు ద్రోగ్బాని ఉంచి, నడి మైదానంలో వెనక మకెలెలెని, అతని ముందు లాంపార్డ్‌తో పాటు ఇంకొకణ్ణి నిలబెట్టాడు. ఆ సీజన్‌లో 38 లీగ్ మ్యాచ్‌ల్లో చెల్సీ ఇచ్చిన గోల్స్ 15.

నష్టాలు కూడా రాసుకోండి. బంతి ఎదుటివాళ్ల సెంటర్‌బ్యాక్‌ల దగ్గరుంటే ఒక్కడు ఇద్దరి వెంట పరిగెత్తాలి. తిన్నగా పరిగెత్తితే పిల్లల ఆటలా అటూ ఇటూ తిప్పుతారు. అందుకే తెలిసినవాడు వంపుగా పరిగెత్తి, రెండోవాడి వైపు దారి మూసేస్తాడు. ఇక రెక్కల నుంచి, అంటే మైదానం అంచుల నుంచి, క్రాస్ (గోల్ ముందుకు వేసే బంతి) వస్తే పెనాల్టీ బాక్సులో ఒక్క తలే, అవతలి అంచున ఆడే వింగర్ లోపలికి దూరకపోతే ఆ క్రాస్ దండగ. అలసట సంగతి చెప్పనక్కర్లేదు.

హనుమకొండ సభ్యుడు:
మన సికింద్రాబాద్‌లో పుట్టిన సునీల్ ఛెత్రీ కూడా ఎన్నో మ్యాచ్‌లు ఇలా ఒక్కడే ఆడాడు కదా. అంత ఎత్తు మనిషి కాడు, గాల్లో బంతి వేస్తే ఏం లాభం అని టీవీ ముందు ఎన్నిసార్లు తిట్టుకున్నామో.

అడిగినవారు:
సరే, 'ఒంటి', 'ఒంటరి' రెండూ ఖాయం. ఫార్మేషన్‌కి 'వ్యూహం' వద్దనుకుంటున్నాను, పద్మవ్యూహం, అభిమన్యుడు అంటూ చర్చ అటు పోతుంది. 'మోహరింపు' అని పెడుతున్నా. ఇంకొక్కటి మిగిలింది, 'ఫాల్స్ నైన్'. తొమ్మిది నంబరు స్ట్రైకర్‌ది కదా, ఆ చోట ఉన్నట్టు కనిపించి వెనక్కి జరిగి ఆడేవాడన్నమాట. 'మిథ్యా తొమ్మిది' అని రాసి నేనే కొట్టేశాను.

తెలుగు మాస్టారు:
దొంగ తొమ్మిది! దొంగ నిద్ర, దొంగ ఏడుపు, దొంగ దండం. ఉన్నట్టు కనిపించి లేనిదాన్ని తెలుగువాడు ఎప్పుడూ 'దొంగ' అనే అన్నాడు.

పాత సబ్‌ఎడిటర్:
మాస్టారికి నమస్కారం. 1953 నవంబర్ 25న వెంబ్లీలో హంగరీ ఆటగాడు హిడెగ్‌కుటి వీపు మీద తొమ్మిది నంబరు, ఆడింది మాత్రం వెనక్కి జరిగి. ఇంగ్లండ్ సెంటర్‌హాఫ్‌కి, అంటే నడిమి డిఫెండర్‌కి, అతని వెంట పోవాలో, తన చోట ఉండాలో తేలలేదు. 6-3 ఓటమి, అందులో మూడు గోల్స్ ఆ దొంగ తొమ్మిదివే.

అడిగినవారు:
అయితే 2012 యూరో ఫైనల్లో స్పెయిన్ ఫాబ్రెగాస్‌ని ముందు పెట్టి ఇటలీని 4-0తో కొట్టిందే, దాన్ని 4-6-0 అంటున్నారు. స్ట్రైకరే లేనప్పుడు ఒంటి కూడా కుదరదు.

హనుమకొండ సభ్యుడు:
'స్ట్రైకర్ లేని మోహరింపు' అని రాయండి. 'శూన్య స్ట్రైకర్' అని మాత్రం వద్దు, మాస్టారు ఒప్పుకున్నా సరే.