సిటీ బస్సు నష్టం ఎవరి లెక్కలో రాయాలి? సర్కారా, జీహెచ్‌ఎంసీనా, టికెట్ కొన్నోడా?

మెహదీపట్నం ప్యాసింజర్:
2025 అక్టోబరు 6 నుంచి హైదరాబాద్ సిటీ బస్సుల్లో ఛార్జీలు పెరిగాయి కదా. ఆర్డినరీలో, మెట్రో ఎక్స్‌ప్రెస్‌లో మొదటి మూడు స్టేజీలకు 5 రూపాయలు, నాలుగో స్టేజీ నుంచి 10 రూపాయలు. కారణం ఏం చెప్పారంటే, 2,800 ఎలక్ట్రిక్ బస్సులు వస్తున్నాయి, వాటికి కొత్త డిపోలు, ఛార్జింగ్ స్టేషన్లు కట్టాలి, అందుకు 392 కోట్లు కావాలి అని. నా గొడవ అంతా ఈ కారణం మీదే. డీజిల్ పెరిగింది, జీతాలు పెరిగాయి, అందుకే టికెట్ పెంచాం అంటే కడుపు మండినా అర్థం చేసుకుంటాం. డిపో కట్టడం అనేది ముప్పై, నలభై ఏళ్లు నిలబడే ఆస్తి కదా, దాన్ని రోజూ అత్తాపూర్ నుంచి కోఠీ పోయేవాడి జేబులోంచి ఎందుకు కట్టాలి? ఫ్లైఓవర్ కట్టినప్పుడు దాని మీద పోయే కారును ఆపి పది రూపాయలు అడగట్లేదు. అది బడ్జెట్‌లోంచి వస్తుంది, లేదంటే అప్పు తెచ్చి కడతారు. బస్సుకు మాత్రం టికెట్ పెంచుతారు. ఇందులో న్యాయం ఎక్కడుందో ఎవరైనా చెప్పండి. సమర్థించేవాళ్లు ఉన్నా సరే, వాదించుకుందాం.

మాదాపూర్ మనిషి:
బ్రో, అసలు సంగతి వదిలేసి డిపోల గురించి మాట్లాడితే ఎలా? 2023 డిసెంబరు 9న మహాలక్ష్మి మొదలైంది. అప్పటి నుంచి ఆడవాళ్లకు ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ అన్నీ ఫ్రీ. అంటే టికెట్ పెంచితే ఎవరి మీద పడుతుంది? మగవాళ్ల మీద, అది కూడా బండి కొనుక్కోలేక బస్సెక్కే మగవాళ్ల మీద. ఫ్రీ ఎత్తేయండి, లేదా తెల్ల రేషన్ కార్డు ఉన్నవాళ్లకే ఇవ్వండి. నెలకు లక్ష సంపాదించే అమ్మాయికి కూడా జీరో టికెట్ ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఉప్పల్ అక్క:
తమ్ముడూ, నెలకు లక్ష వచ్చే అమ్మాయి పొద్దున ఎనిమిదిన్నరకు ఆర్డినరీ బస్సులో నిలబడి వస్తోందా? క్యాబ్‌లో పోతుంది, లేదంటే కంపెనీ బండి వస్తుంది. బస్సులో ఉండేది షాపుల్లో పనిచేసేవాళ్లం, ఇళ్లల్లో పనిచేసేవాళ్లు, కాలేజీ పిల్లలు, ఆసుపత్రికి పోయే ముసలివాళ్లు. ఫుట్‌బోర్డు మీద జనం వేలాడుతుంటే కండక్టర్ ఒక్కొక్కరి రేషన్ కార్డు చూస్తూ కూర్చోవాలా, ఆధార్ చూడ్డానికే తల ప్రాణం తోకకొస్తోంది ఆయనకు. ఇంకోటి, జీరో టికెట్ అంటే డబ్బులు లేని టికెట్ కాదు. మిషన్‌లో దాని విలువ నమోదవుతుంది, ఆ డబ్బు సర్కారు ఆర్టీసీకి కట్టాలి. మేం కట్టట్లేదు కాబట్టి మీ టికెట్ పెరిగింది అని మా మీద తోసేస్తే కుదరదు.

డిపో కబుర్లు:
నేను ఆర్టీసీ ట్రాఫిక్ సెక్షన్‌లో చేసి రిటైర్ అయినవాణ్ణి, కాస్త లెక్కలు చెప్తాను, ఓపిక ఉంటే చదవండి.

అక్క చెప్పింది నిజం. 2025 జులైలో 200 కోట్ల జీరో టికెట్లు పూర్తయ్యాయని వేడుక చేశారు, వాటి విలువ 6,680 కోట్లు అన్నారు. భాగిస్తే ఒక్కో టికెట్ సగటున 33 రూపాయల చిల్లర. పథకం మొదలై అప్పటికి పందొమ్మిదిన్నర నెలలు, అంటే నెలకు సుమారు 340 కోట్ల బిల్లు. ఇప్పుడు బడ్జెట్ చూడండి. 2025-26లో మహాలక్ష్మి ఉచిత ప్రయాణానికి 4,305 కోట్లు పెట్టారు, నెలకు దాదాపు 359 కోట్లు. కాగితం మీద లెక్క సరిపోయింది, పైగా కాస్త మిగులుతోంది కూడా! అందుకే ఫ్రీ వల్ల ఆర్టీసీ మునిగిపోతోంది అన్నా నేను ఒప్పుకోను, బడ్జెట్‌లో పెట్టలేదు అన్నా ఒప్పుకోను. బడ్జెట్‌లో రాయడం వేరు, డబ్బు విడుదల కావడం వేరు. బకాయిలు పేరుకుపోయాయని యూనియన్లు అంటాయి, ఇస్తూనే ఉన్నాం అని సర్కారు అంటుంది. ఏ నెల బిల్లు ఏ తారీఖున వచ్చిందో చెప్పే కాగితం మాత్రం బయట కనపడదు.

డబ్బు ఆలస్యమైతే లోపల ఏం జరుగుతుందో బయటివాళ్లకు తెలియదు. డీజిల్ ఆపలేరు, ఆపితే బస్సు కదలదు. జీతం ఆపితే ధర్నా. కాబట్టి ముందు ఆగేవి టైర్లు, స్పేర్ పార్టులు, కొత్త బస్సుల కొనుగోలు. ఆ తర్వాత ఉద్యోగుల పీఎఫ్, సీసీఎస్ (ఉద్యోగుల పరపతి సహకార సంఘం) సొమ్ము మీద చెయ్యి పడుతుంది, ఆ సీసీఎస్ వ్యవహారం హైకోర్టు దాకా పోయింది. బస్సు పాతబడుతుంది, బ్రేక్‌డౌన్లు పెరుగుతాయి, ట్రిప్పులు తగ్గుతాయి, ఉన్న బస్సు మీద జనం ఎక్కువవుతారు. అప్పుడు మాదాపూర్ తమ్ముడు వచ్చి ఫ్రీ వల్లే రద్దీ అంటాడు.

ఇంకో తమాషా ఉంది. టికెట్ రేటు పెరిగితే జీరో టికెట్ విలువ కూడా పెరుగుతుంది, అంటే సర్కారు కట్టాల్సిన బిల్లూ పెరుగుతుంది. డిపోలకు నేరుగా 392 కోట్లు ఇస్తే ఒక్కసారితో పోయేది, ఇప్పుడు ఏటా పెరిగిన రీయింబర్స్‌మెంట్ కట్టాలి. నిజంగా కడితేనే అనుకోండి.

మాదాపూర్ మనిషి:
సార్, గౌరవంతోనే అడుగుతున్నా. సర్కారు కట్టినా అది ఆకాశం నుంచి ఊడిపడదు కదా, అదీ మా పన్నే. మహబూబ్‌నగర్‌లో, ఆదిలాబాద్‌లో ఉన్నవాడి పన్నుతో హైదరాబాద్ సిటీ బస్సు నష్టం ఎందుకు పూడ్చాలి? ఇక్కడి బస్సు ఇక్కడి కార్పొరేషన్ నడుపుకోవాలి. ఆస్తి పన్ను వస్తుంది, బిల్డింగ్ పర్మిషన్ల డబ్బు వస్తుంది, హోర్డింగుల డబ్బు వస్తుంది. జీహెచ్‌ఎంసీ ఏం చేస్తోంది?

డిపో కబుర్లు:
మంచి ప్రశ్న వేశావు. ఇది ఒకసారి చేసి చూశారు తమ్ముడూ. రాష్ట్రం వచ్చిన కొత్తలో సిటీ సర్వీసుల నష్టాన్ని జీహెచ్‌ఎంసీ భరించాలన్నారు, రెండేళ్లలో 336 కోట్లు ఇచ్చింది కూడా, తర్వాత చేతులెత్తేసింది. 2019 అక్టోబరు 5న సమ్మె మొదలైంది గుర్తుందా, ఆ కేసు హైకోర్టులో నడిచినప్పుడు ఈ బండారం బయటపడింది. జీహెచ్‌ఎంసీ నుంచి మాకు 1,492 కోట్లు రావాలని ఆర్టీసీ అంటే, మా దగ్గర మిగులు ఉంటేనే ఇవ్వాలని చట్టం చెప్తోంది, మాకే లేవు అని జీహెచ్‌ఎంసీ అంది. రెండూ సర్కారు చేతిలోని సంస్థలే. ఒకే ఇంట్లో ఇద్దరు అన్నదమ్ములు అప్పు నోటు పట్టుకుని కోర్టుకెక్కినట్టు ఉండింది ఆ యవ్వారం. ఆ సమ్మె తర్వాత సిటీలో వందల బస్సులు తీసేశారు. ఆ లోటు ఇంకా పూడలేదు.

బెజవాడ బాబాయ్:
మా వైపు సంగతి కూడా చెప్తా వినండి. 2020 జనవరి 1 నుంచి ఏపీలో ఆర్టీసీ ఉద్యోగులు ప్రభుత్వ ఉద్యోగులయ్యారు, ప్రజా రవాణా శాఖ కింద. జీతం ఖజానా నుంచే వస్తుంది. మీ దగ్గర 2023లో విలీనం బిల్లు పాసైంది కానీ అక్కడే ఆగింది. జీతాల భారం పోయాక సంస్థకు ఊపిరి ఆడుతుంది, అందులో అనుమానం లేదు. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి అని మా ఆడవాళ్లకూ ఉచితం పెట్టారు. కానీ బస్సులు ఎవరు కొనాలి అన్న ప్రశ్న మాకూ అలాగే ఉంది. జీతం ఖజానా ఇస్తే సరిపోదండీ, ఏటా ఇన్ని పాత బస్సులు తీసేస్తాం, ఇన్ని కొత్తవి కొంటాం అని బడ్జెట్‌లో విడిగా ఒక పద్దు ఉండాలి. మావాళ్లు విశాఖ మెట్రో, విజయవాడ మెట్రో అని ఒక్కోదానికి 11 వేల కోట్లకు పైగా లెక్కలు వేస్తున్నారు, ఆ చర్చలో సిటీ బస్సు మాట ఎత్తేవాడే లేడు.

మెహదీపట్నం ప్యాసింజర్:
బాబాయ్ మెట్రో మాట ఎత్తారు కాబట్టి. 2025 సెప్టెంబరులో ఎల్ అండ్ టీ నుంచి హైదరాబాద్ మెట్రో తీసుకోడానికి సర్కారు ఒప్పుకుంది, సుమారు 13,000 కోట్ల అప్పు నెత్తిన పెట్టుకుని, ఇంకో 2,000 కోట్లు కంపెనీ వాటా కింద ఇచ్చి. నేను దాన్ని తప్పు అనట్లేదు, మెట్రో ఆగిపోతే ఊరు ఆగిపోతుంది. 69 కిలోమీటర్ల మెట్రోకు అంత పెద్ద మనసు చేసుకున్నవాళ్లకు, దానికంటే ఎన్నో రెట్ల జనం ఎక్కే బస్సు డిపోలకు 392 కోట్లు దొరకలేదంటే ఎలా నమ్మాలి?

ఇర్వింగ్ గోదారోడు:
డల్లాస్ పక్కన ఇర్వింగ్‌లో ఉంటా, ఇక్కడి పద్ధతి చెప్తా, మీకు పనికొస్తుందేమో. ఇక్కడ డార్ట్ అని రవాణా సంస్థ, 2025 నాటికి 13 ఊళ్లు సభ్యులు. సభ్యత్వం ఉన్న ఊళ్లో పన్ను పడే వస్తువు ఏది కొన్నా డాలర్‌కు ఒక సెంటు సేల్స్ ట్యాక్స్ నేరుగా డార్ట్‌కు పోతుంది. సిటీ కౌన్సిల్ దయ కాదు, బడ్జెట్ విడుదల కాదు, ఓటర్లు ఒప్పుకుని రాసిచ్చిన వాటా. మనవాళ్లు ఎక్కువగా ఉండే ఫ్రిస్కో సభ్యురాలే కాదు, అందుకే అక్కడ కారు లేకపోతే అడుగు బయట పెట్టలేం. అంతా బాగుంది అనుకోకండి. మేం ఇచ్చేదానికి తగ్గ సర్వీసు రావట్లేదు అని ప్లానో, ఇర్వింగ్ లాంటి ఊళ్ల కౌన్సిళ్లు 2025 నవంబరులో, బయటికి పోవాలా వద్దా అని ఓటింగ్ పెట్టాలని తీర్మానాలు చేశాయి. డబ్బున్న ఊరు మాకెందుకు అంటుంది, బస్సు అవసరమైనవాడేమో పక్క ఊళ్లో ఉంటాడు. స్థానికంగా పన్ను వేస్తే ఈ పేచీ తప్పదు.

మాదాపూర్ మనిషి:
చూశారా, అదే నేనంటున్నది. డబ్బు ఇచ్చేవాడికి అడిగే హక్కు ఉంటుంది. ఇక్కడ ఎవరు ఇస్తున్నారో తెలియదు, ఎవర్ని అడగాలో తెలియదు. ఫ్రాన్స్‌లో కంపెనీల జీతాల బిల్లు మీద రవాణా పన్ను ఉందట కదా, హైటెక్ సిటీ కంపెనీల మీద అలాంటిది వేయండి, నేను వద్దనను.

నాంపల్లి వకీల్:
ఫ్రాన్స్‌లో ఉన్న మాట నిజమే, 11 మంది, అంతకంటే ఎక్కువ ఉద్యోగులున్న కంపెనీలు కడతాయి. మన దగ్గర దానికి దగ్గరగా ఉన్నది వృత్తి పన్ను, దానికి రాజ్యాంగం 276వ అధికరణ ఒక్కో మనిషికి ఏడాదికి 2,500 రూపాయలు దాటకూడదని గొళ్లెం పెట్టింది. ఆ దారి చిన్నదే. అసలు చిక్కు ఇంకోటి. 1950 ఆర్టీసీ చట్టం 22వ సెక్షన్ సంస్థను వ్యాపార సూత్రాల మీద నడపమంటుంది, 34వ సెక్షన్ సర్కారుకు ఆదేశాలిచ్చే అధికారం ఇస్తుంది. ఉచితంగా ఎక్కించు అని ఆదేశం ఇవ్వొచ్చు, కానీ ఆ డబ్బు ఫలానా గడువులో కట్టి తీరాలి, కట్టకపోతే వడ్డీ అని ఎక్కడా కట్టుబాటు లేదు. రీయింబర్స్‌మెంట్ అంతా జీవోల మీద, ఆర్థిక శాఖ వీలు మీద నడుస్తుంది.

డిపో కబుర్లు:
వకీలు గారు అసలు చోట వేలు పెట్టారు. ఇప్పుడు ఎలక్ట్రిక్ బస్సులు ఎలా వస్తున్నాయో చూడండి. బస్సు కంపెనీదే, డ్రైవర్ కంపెనీవాడే, ఆర్టీసీ కిలోమీటరుకు ఇంత అని కడుతుంది. ఆర్టీసీలు సరిగ్గా కట్టవన్న భయంతో కంపెనీలు ముందుకు రాకపోతే కేంద్రం 2024 సెప్టెంబరులో 3,435 కోట్లతో ఒక చెల్లింపుల భరోసా పథకం పెట్టింది. ఆర్టీసీ డబ్బు ఎగ్గొడితే ఆ నిధి నుంచి కంపెనీకి చెల్లిస్తారు, తర్వాత రిజర్వు బ్యాంకులో ఉన్న రాష్ట్ర ఖాతా నుంచి నేరుగా కోసుకుంటారు. డైరెక్ట్ డెబిట్ మాండేట్ అంటారు, డీడీఎం. పీఎం ఈ-డ్రైవ్ అనే కేంద్రం ఎలక్ట్రిక్ వాహనాల పథకం కింద హైదరాబాద్‌కు 2,000 బస్సులు కేటాయించారు, వాటికీ ఇదే షరతు.

నేను అడిగేది ఒక్కటే. కంపెనీకి రావాల్సిన బిల్లుకు రాష్ట్ర ఖాతా మీద డీడీఎం రాసివ్వగలిగినప్పుడు, ఆర్టీసీకి రావాల్సిన మహాలక్ష్మి బిల్లుకు ఎందుకు రాసివ్వలేరు? ఒకవైపు కట్టాల్సింది తప్పించుకోలేని బాకీ, ఇంకోవైపు రావాల్సింది దయ. ఈ రెండింటి మధ్య నలిగేది ఆర్టీసీ సొంత బస్సులు, సొంత సిబ్బంది. ఉచితం ఉండాలా వద్దా అన్నది ఎన్నికల్లో తేల్చుకోండి. ఉన్నన్నాళ్లు మాత్రం నెల తిరిగేసరికి డబ్బు దానంతట అది ఆర్టీసీ ఖాతాలో పడాలి.

మాదాపూర్ మనిషి:
దీన్ని నేను ఒప్పుకోలేను సార్. ఇలా ఒక్కో సంస్థకు ఖజానాలోంచి ఆటోమేటిగ్గా కోసుకునే హక్కిస్తే, రేపు ఫీజు రీయింబర్స్‌మెంట్ కాలేజీలు అడుగుతాయి, ఆరోగ్యశ్రీ ఆసుపత్రులు అడుగుతాయి, కరెంటు సబ్సిడీకి డిస్కంలు అడుగుతాయి. అందరి బాకీలూ నిజమైనవే. ఇంక సర్కారు చేతిలో నిర్ణయించడానికి ఏం మిగులుతుంది?

ఉప్పల్ అక్క:
వాళ్లు కూడా అడగాలి మరి. పథకం ప్రకటించినప్పుడు పోస్టర్ మీద ఫొటో వేసుకున్నారు కదా, బిల్లు మీద సంతకం పెట్టడానికి ఏమైంది?

మెహదీపట్నం ప్యాసింజర్:
డీడీఎం సంగతి ఎటూ తేలేట్టు లేదు కానీ, ముందు వివరాలైనా బయటికి రావాలి. ఆర్టీఐ పెడదాం అనుకుంటున్నా. 2023 డిసెంబరు నుంచి నెలవారీగా జీరో టికెట్ల విలువ ఎంత, సర్కారుకు బిల్లు ఎప్పుడు పంపారు, ఎంత వచ్చింది, ఏ తేదీన వచ్చింది. సార్, ఇంకేమైనా కలపాలా?

డిపో కబుర్లు:
గ్రేటర్ జోన్‌ది విడిగా అడుగు, లేకపోతే రాష్ట్రం మొత్తం కలిపి ఒక ముద్ద అంకె ఇస్తారు. వచ్చిన డబ్బు గ్రాంటుగా ఇచ్చారా, అప్పుగా ఇచ్చారా అన్నది కూడా అడుగు. పెంచిన ఛార్జీలో డిపోల కోసం విడిగా ఖాతా తెరిచారా, తెరిస్తే అందులో ఇప్పటికి ఎంత జమైంది అన్నది మూడో ప్రశ్న.

మాదాపూర్ మనిషి:
దాంతోపాటు డిపో వారీగా కిలోమీటరుకు ఆదాయం, ఖర్చు కూడా అడుగు బ్రో. అప్లికేషన్ ఫీజు నేను పెట్టుకుంటా. జవాబు వచ్చాక ఇక్కడే పెట్టు, అప్పుడు మళ్లీ కొట్లాడుకుందాం.