సీసా చీటీ మీద నార్మాలిటీ ఉండాలా, మోలారిటీ చాలునా?

విజయనగరం, రసాయనశాస్త్ర అధ్యాపకుడు:
ఇంటర్ ప్రయోగశాలలో సీసాల మీద నార్మాలిటీ తీసివేసి మోలారిటీ ఒక్కటే రాయాలని మా సహోద్యోగులు కొందరు పట్టుబడుతున్నారు. లీటరు ద్రావణంలో ఎన్ని మోల్‌ల పదార్థం ఉందో చెప్పేది మోలారిటీ, ఎన్ని తుల్యభారాలు (చర్యలో ఒక మోల్ హైడ్రోజన్ అయాన్లకు లేదా ఎలక్ట్రాన్లకు సరితూగే ద్రవ్యరాశి) ఉన్నాయో చెప్పేది నార్మాలిటీ. వాళ్ల మాట నాకు సమ్మతం కాదు. నార్మాలిటీని ఘనపరిమాణంతో గుణిస్తే రెండు ద్రావణాలకూ సమానమన్న ఒక్క సూత్రంతో అంశమాపనం (తెలిసిన గాఢత గల ద్రావణంతో తెలియనిదాని గాఢత కనుక్కోవడం) లెక్క తేలిపోతుంటే, పిల్లలకు అదనపు బరువు ఎందుకు?

పైడిభీమవరం, ఔషధ విశ్లేషకురాలు:
మాస్టారికి నమస్కారం. ఆ సూత్రం తప్పని అనను. అయితే అక్కడ జరిగే చర్య ఏమిటన్న ప్రశ్న విద్యార్థికి రాకుండానే లెక్క ముగిసిపోతుంది. పొటాషియం పర్మాంగనేట్ మోలార్ ద్రవ్యరాశి 158. అందులో 1.58 గ్రాములు తూచి అరలీటరు కుప్పెలో గీత వరకు నీరు నింపితే గాఢత 0.02 మోలార్, దాన్ని దేనికి వాడినా ఆ సంఖ్య మారదు. ఆమ్ల యానకంలో ఒక్కో పర్మాంగనేట్ అయాన్ 5 ఎలక్ట్రాన్లను స్వీకరిస్తుంది గనుక అదే ద్రావణం 0.1 నార్మల్ అవుతుంది. తటస్థ యానకంలో గోధుమరంగు మాంగనీస్ డయాక్సైడ్ అవక్షేపించి, స్వీకరించేవి 3 మాత్రమే కావడంతో 0.06 నార్మల్ అవుతుంది. మరి చీటీ మీద ఏది రాయాలి?

శ్రీకాకుళంలో డిగ్రీ చదివేటప్పుడు నాకు ఒక ఆక్జాలిక్ ఆమ్లం సీసా ఇచ్చారు. చీటీ తడిసి, 0.1 తరువాతి అక్షరం చెరిగిపోయింది. అది మోలార్ అనుకొని లెక్క కట్టాను. బ్యూరెట్ రీడింగు మూడుసార్లూ 10.0 మిల్లీలీటర్ల దగ్గరే నిలిచింది, సూచికగా వేసిన ఫినాఫ్తలీన్ లేత గులాబీ రంగూ చక్కగా వచ్చింది, అయినా సోడియం హైడ్రాక్సైడ్ గాఢత సరిగ్గా రెట్టింపు తేలింది. ఆ సీసాలోది నిజానికి 0.1 నార్మల్, అంటే 0.05 మోలార్ మాత్రమే.

అధ్యాపకుడు:
అమ్మా, పర్మాంగనేట్ విషయం కాదనలేను. కానీ ఒక మోల్ సల్ఫ్యూరిక్ ఆమ్లానికి రెండు మోల్‌ల సోడియం హైడ్రాక్సైడ్ కావాలన్న సంగతి మరచి మార్కులు పోగొట్టుకున్న జవాబుపత్రాలను ఏటా దిద్దుతున్నాను. నార్మాలిటీలో ఆ 2 తుల్యభారంలోనే ఇమిడిపోతుంది.

విశ్లేషకురాలు:
ఇమిడిపోవడమే నా అభ్యంతరం, మాస్టారూ. ఆ 2 సమీకరణంలో కళ్లెదుట ఉంటే, మరచిన విద్యార్థికి ఎక్కడ మరచాడో చూపించగలం. తుల్యభారం 49 అని బట్టీపట్టిన వాడికి ఏం చూపిస్తాం? పాఠంలోంచి నార్మాలిటీని తీసేయమని నేను కోరడం లేదు. మందుల ప్రమాణ గ్రంథమైన ఇండియన్ ఫార్మకోపియా 0.1 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్ అంటే, అమెరికా ఫార్మకోపియాలో 0.1 నార్మల్ అని కనిపిస్తుంది. మా పనిలో రెండూ తెలియాలి. సీసా చీటీ మీద మాత్రం మోలారిటీ, తయారుచేసిన తేదీ ఉండాలి. ఎలక్ట్రాన్ల లెక్క ఆ రోజు చేసే చర్య పక్కన, రికార్డు పుస్తకంలో ఉండాలి.