జనవరి 26న జెండా ముడి ఎందుకు విడిపోదు?

గట్టుమీద అడిగింది:
అపార్ట్‌మెంట్ ఆవరణలో 20 అడుగుల స్తంభం, పైన ఒకటే కప్పీ. జెండా కొలత 1350 × 900 మి.మీ. జనవరి 26న పైనే మడిచి కట్టి, తాడు లాగగానే విచ్చుకునేలా కట్టాలి. లాగితే ముడి బిగుసుకుపోతుంది, లేదంటే మూట మూటగా కిందికి దిగొస్తుంది. పొరపాటు ఎక్కడ? పూలు పెట్టొచ్చా? అసలు ఆగస్టు 15కి కింద నుంచి ఎగరేసి, జనవరి 26కి పైనే విప్పడం ఎందుకు?

కప్పీతాడు:
మూట దిగొస్తోందంటే పైకి లాగిన తాడును స్తంభానికి బిగించలేదన్నమాట. కప్పీ మీంచి వచ్చేది పై పాయ, జెండా అడుగు నుంచి వేలాడేది కింది పాయ. మూట కప్పీని తాకగానే పై పాయను కొక్కేనికి గట్టిగా చుట్టేయాలి. అతిథి చేతికి ఇవ్వాల్సింది కింది పాయ మాత్రమే. రెండూ కలిపి ఇస్తే ఆయన ఏది లాగుతారో దేవుడికే తెలియాలి.

ఇక మడత. కాషాయం, ఆకుపచ్చ పట్టీలను తెలుపు వెనక్కి మడిస్తే అడుగు వెడల్పు పట్టీ వస్తుంది. దాన్ని గాలికి రెపరెపలాడే కొస నుంచి తాడు ఉన్న వైపుకి విసనకర్రలా మడుచుకుంటూ రండి. చాపలా గట్టిగా చుడితే పైన విచ్చుకోదు, మెలి తిరిగి వేలాడుతుంది. కాషాయం వైపు కొస పై పాయకి, ఆకుపచ్చ వైపు కొస కింది పాయకి. ఇది తారుమారైతే జెండా తలకిందులుగా విచ్చుకుంటుంది, అప్పుడు చేసేదేం ఉండదు.

ముడి కింది పాయతోనే వేయాలి. మూట నడుమ ఒక్క చుట్టు చుట్టి, తాడు కొసను కాకుండా తాడునే మడిచి, ఆ మడతను నాలుగు వేళ్ల పొడవున చుట్టు కిందికి దూర్చండి. ఇది జారుముడి. కొస మొత్తం దూర్చేస్తే అది మామూలు ముడే, లాగేకొద్దీ బిగుస్తుంది. రెండు చుట్లు వేసినా అంతే. పైకి పంపేముందు ఛాతీ ఎత్తులో ఒకరు పై పాయ పట్టుకోగా ఇంకొకరు కిందిది లాగి చూడండి. ఒక్క గుంజుకి విడిపోవాలి. ముందురోజు రాత్రే కట్టి వదిలేయొద్దు, మంచుకి నూలు తాడు ఉబ్బి ముడి పట్టేస్తుంది.

పూలకి అభ్యంతరం లేదు. జెండాలో ఏదీ మూటగట్టకూడదనే ఫ్లాగ్ కోడ్ (జెండా వాడకం నియమావళి), ఇలాంటి రోజుల్లో పూరేకులకి మాత్రం మినహాయింపు ఇచ్చింది. రేకులే, పూలు కాదు. గుప్పెడు చాలు, అవీ పొడిగా ఉండాలి. తడి బంతి రేకులు గుడ్డకి అంటుకుపోయి రాలవు, తెలుపు మీద మరక మిగులుతుంది.

పాతపటం:
తేడా సంగతి నేను చెబుతాను. 1947 ఆగస్టులో బ్రిటిష్ జెండా దిగింది, మనది ఎక్కింది. అందుకే ఆ రోజు కింద నుంచి పైకి. 1950 జనవరి 26 నాటికి జెండా ఎగురుతూనే ఉంది, కొత్తగా అమల్లోకి వచ్చింది రాజ్యాంగం. కాబట్టి పైన ఉన్నదాన్ని విప్పడమే. మొదటిది ఎర్రకోట మీద ప్రధాని, రెండోది కర్తవ్యపథ్‌లో రాష్ట్రపతి. అన్నట్టు నెహ్రూ ఎర్రకోట మీద తొలిసారి ఎగరేసింది ఆగస్టు 15న కాదు, 16న.

నేతపని:
మడిచే ముందు జెండానే ఒకసారి చూసుకోండి. మీ కొలతకి చక్రం అడ్డకొలత 280 మి.మీ. ఉండాలి, ఆకులు 24. రెండు వైపులా కనిపించాలి. చవక ముద్రణలో ఒకవైపే ఉంటుంది, లేదా చక్రం కోడిగుడ్డులా సాగుతుంది. పాలిస్టర్ గురించి అనుమానం అక్కర్లేదు, ఫ్లాగ్ కోడ్‌కి 2021 డిసెంబరులో చేసిన సవరణతో అనుమతించారు.

ఆకుకో సుగుణం చొప్పున 24 పేర్లు వాట్సాప్‌లో తిరుగుతుంటాయి, బోర్డు మీద రాయకండి. 1947 జులై 22న రాజ్యాంగ సభ ఆమోదించిన తీర్మానంలో అలాంటి జాబితా లేదు. సభలో రాధాకృష్ణన్ చెప్పిన అర్థం చాలు: కాషాయం త్యాగం, తెలుపు వెలుగు, ఆకుపచ్చ నేలతో బంధం, చక్రం ధర్మం, కదలిక. 1921లో బెజవాడలో పింగళి వెంకయ్య గాంధీజీకి చూపించిన నమూనాలో ఈ చక్రం లేదు. రాట్నం స్థానంలో ఇది వచ్చింది 1947లోనే.

గట్టుమీద:
చాలా థాంక్సండీ. సాయంత్రానికి దించేయాలా?

కప్పీతాడు:
2022 జులై సవరణ తర్వాత ఆరుబయటా ఇళ్ల మీదా రాత్రీ పగలూ ఉంచొచ్చు. దించితే మాత్రం నెమ్మదిగా దించాలి, ఎగరేసేటప్పుడే చురుగ్గా. చిరిగితే చెత్తలో వేయొద్దు, నలుగురి కళ్ల ముందు కాకుండా, మొత్తంగా కాల్చేయడం మేలు.