498-ఏ తరహా కేసు, గృహహింస పిటిషను రెండూ ఒకేసారి వచ్చాయి: ప్రతివాదిగా ఎక్కడ మొదలుపెట్టాలి?

గాజువాక నివాసి (ప్రశ్న):

అందరికీ నమస్కారం. నేను గాజువాకలో ఉంటూ ఒక ప్రైవేటు కంపెనీలో పనిచేస్తున్నాను. పెళ్లయి ఆరేళ్లయింది, నాలుగేళ్ల పాప ఉంది. మూడు నెలల క్రితం నా భార్య పాపను తీసుకుని అనకాపల్లిలోని పుట్టింటికి వెళ్లిపోయింది. పెద్దమనుషుల సమక్షంలో రెండుసార్లు మాట్లాడుకున్నాం, పోలీసుల దగ్గర కౌన్సెలింగ్ కూడా ఒకసారి జరిగింది, ఫలితం లేకపోయింది. పోయిన వారం నా మీద, 66 ఏళ్ల మా అమ్మ మీద, పెళ్లయి విజయనగరంలో కాపురముంటున్న మా చెల్లెలి మీద భారతీయ న్యాయ సంహిత 85వ సెక్షను (భార్యను క్రూరంగా వేధించడం), వరకట్న నిషేధ చట్టం 4వ సెక్షను (కట్నం అడగడం) కింద ఎఫ్.ఐ.ఆర్. నమోదైంది. నిన్న అనకాపల్లి కోర్టు నుంచి గృహహింస చట్టం కింద నోటీసు కూడా అందింది. అందులో రక్షణ ఉత్తర్వు, గాజువాక ఇంట్లో నివాసం, నెలనెలా భరణం అడిగారు. వాయిదాకు ఇంకా పన్నెండు రోజులే ఉంది.

పిటిషనులో పదకొండు సంఘటనలు రాశారు. చాలావరకు జరగనివే. రెండు మూడు జరిగాయి గాని, రాసినట్టు జరగలేదు. ఒకటి మాత్రం ఎలా చెప్పాలో నాకే తెలియడం లేదు. బంధువులేమో మనం కూడా ఎదురు కేసు పెట్టాలని, కట్నం ఇచ్చినందుకు వాళ్ల నాన్న మీదే ఫిర్యాదు చేయాలని ఒత్తిడి చేస్తున్నారు. అమ్మను అరెస్టు చేస్తారా? చెల్లెలు ప్రతి వాయిదాకూ అనకాపల్లి రావాలా? కేసును విశాఖ కోర్టుకు మార్పించుకోవచ్చా?

విశాఖ న్యాయవాది:

ఆ ఒక్క సంఘటన గురించి ఇక్కడ రాయకుండా ఆగిపోయి మంచి పని చేశారు. ఇలాంటి బహిరంగ చోట రాసిన మాట రేపు మీ మీదే సాక్ష్యమవుతుంది, మీ న్యాయవాదికి చెప్పిన మాటను మాత్రం ఆయన మీ అనుమతి లేకుండా బయటపెట్టడానికి వీల్లేదు. కాబట్టి మీ వకాల్తా పుచ్చుకున్న వ్యక్తికి జరిగింది జరిగినట్టు, మీకు సిగ్గుగా అనిపించే భాగంతో సహా చెప్పండి. నా అనుభవంలో కేసులు చెడిపోయేది క్లయింటు చేసిన తప్పు వల్ల కాదు, ఆ తప్పు సంగతి న్యాయవాదికి మొదటిసారి క్రాస్ ఎగ్జామినేషన్‌లో తెలియడం వల్ల.

మీ మీద ఉన్నవి రెండు వేర్వేరు వ్యవహారాలని ముందు గుర్తించండి. ఎఫ్.ఐ.ఆర్. నేరవిచారణకు సంబంధించినది. పాత 498-ఏ స్థానంలో వచ్చిన 85వ సెక్షను కింద మూడేళ్ల వరకు జైలు, జరిమానా పడవచ్చు. ఆరోపించిన సంఘటనలు 2024 జూలై 1కి ముందువైతే వాటికి పాత సెక్షనే వర్తిస్తుంది కనుక ఎఫ్.ఐ.ఆర్.లో ఏ తేదీలకు ఏ సెక్షను పెట్టారో చూడండి. రెండోది, మన కోర్టుల్లో డి.వి.సి. అని పిలిచే, 2005 నాటి గృహహింస చట్టం కింది పిటిషను. అది మేజిస్ట్రేటు ముందే నడిచినా స్వభావంలో సివిల్ వ్యవహారమే, అందులో మీరు ముద్దాయి కారు, ప్రతివాది. అందుకే ప్రతి వాయిదాకూ ప్రతివాదులందరూ స్వయంగా హాజరు కావాలని పట్టుబట్టనక్కరలేదని 2015లోనే ఉమ్మడి హైకోర్టు చెప్పింది. మీ చెల్లెలి తరఫున న్యాయవాది హాజరైతే సరిపోతుంది. అలాగని ఎవరూ వెళ్లకుండా ఉంటే మాత్రం ఎక్స్ పార్టీ ఉత్తర్వు (మీ వాదన వినకుండానే ఇచ్చే ఉత్తర్వు) వస్తుంది, దాన్ని రద్దు చేయించుకోవడం మొదటి రోజే వెళ్లడం కన్నా ఎన్నో రెట్లు కష్టం.

అరెస్టు విషయానికొస్తే, ఏడేళ్ల లోపు శిక్ష పడే నేరాల్లో యాంత్రికంగా అరెస్టు చేయకూడదని 2014లో అర్నేష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది, ఆ తీర్పు పుట్టింది 498-ఏ కేసులోనే. అరెస్టుకు బదులు హాజరు కమ్మని పోలీసులిచ్చే నోటీసును అప్పట్లో 41-ఏ నోటీసు అనేవారు, ఇప్పుడది పాత సి.ఆర్.పి.సి. స్థానంలో వచ్చిన నాగరిక్ సురక్షా సంహిత 35(3) కింద వస్తుంది. నోటీసు ప్రకారం హాజరవుతూ సహకరిస్తున్నంత కాలం, అధికారి కారణాలు రాసిపెట్టనిదే అరెస్టు చేయరాదు. ఈ నోటీసును వాట్సాప్‌లో పంపితే అందజేసినట్టు కాదని 2025 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పిన మాట నిజమే గాని, దాన్ని పట్టుకుని స్టేషనుకు వెళ్లకుండా కూర్చోవద్దు. వెళ్లండి, వెళ్లినట్టు రాతపూర్వకంగా తీసుకోండి. అరవై దాటినవారిని డి.ఎస్.పి. అనుమతి లేకుండా అరెస్టు చేయరని అమ్మగారి విషయంలో ఎవరో ఒకరు ధైర్యం చెప్పే ఉంటారు. ఆ నిబంధన మూడేళ్ల కన్నా తక్కువ శిక్ష ఉన్న నేరాలకు, మీ సెక్షనులో ఉన్నదేమో మూడేళ్ల వరకు. కాబట్టి దాని మీద భారం వేయకండి. ఛార్జిషీటు నాటికి వరకట్న చట్టం 3వ సెక్షను (కట్నం తీసుకోవడం) కూడా చేర్చే సూచన కనిపిస్తే, దానికి కనీస శిక్షే అయిదేళ్లు గనుక, నాగరిక్ సురక్షా సంహిత 482 కింద సెషన్స్ కోర్టులో ముందస్తు బెయిలు వేయడం గురించి వెంటనే ఆలోచించాలి.

మీ చెల్లెలి మీద ఫలానా రోజు ఫలానా పని చేసిందని ఏదైనా ఉందా, లేక 'అందరూ కలిసి వేధించారు' అన్న ఒక్క వాక్యమేనా? రెండోదైతే అదే సంహిత 528 కింద హైకోర్టులో క్వాష్ పిటిషనుకు (కేసు కొట్టివేయమని కోరడానికి) బలమైన ఆధారం ఉంది. కుటుంబ సభ్యులందరినీ గంపగుత్తగా చేర్చిన కేసులను సుప్రీంకోర్టు 2022లో బిహార్ నుంచి వచ్చిన అప్పీలులోను, 2024 డిసెంబరులో తెలంగాణ నుంచి వచ్చిన అప్పీలులోను కొట్టివేసింది. మీకూ అదే తీర్పు వర్తిస్తుందని ఆశపడి హైకోర్టున్న నేలపాడు దాకా ఖర్చు పెట్టుకోకండి. భర్త మీద తేదీలతో కూడిన ఆరోపణలున్నప్పుడు క్వాష్ దొరకడం అరుదు, మీది విచారణలో తేలవలసిన కేసు.

కోర్టు మార్పు గురించి: భార్య తాత్కాలికంగా నివసిస్తున్న చోట కూడా డి.వి.సి. వేయవచ్చని చట్టంలోనే ఉంది, పుట్టింట తలదాచుకున్న చోట 498-ఏ ఫిర్యాదు చేయవచ్చని 2019లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. గాజువాక నుంచి అనకాపల్లి ఎంత దూరమని! దాని మీద ఆరు నెలలు పోగొట్టుకోకండి.

మర్రిపాలెం పెద్దాయన:

నేను న్యాయవాదిని కాను. మా అబ్బాయి మీద ఇలాంటి కేసు వచ్చినప్పుడు మేం ఏం చేశామో చెబుతాను. పిటిషను నకలు చేతికి రాగానే ఒక పొడవాటి నోటు పుస్తకం కొని, పేజీకి ఒక సంఘటన చొప్పున తేదీ, స్థలం, వారు రాసిన మాటలు ఎడమ వైపు రాసుకుని, కుడి వైపు ఖాళీగా వదిలేశాం. ఆ కుడి వైపు నిండడానికి నలభై రోజులు పట్టింది. ఒక చోట నా భార్య ఫలానా రోజు కోడలి చేయి పట్టుకుని బయటికి లాగిందని రాశారు. ఆ రోజు ఆవిడ శుక్లం ఆపరేషను చేయించుకుని, కంటికి పచ్చ గుడ్డతో శ్రీకాకుళంలో తన అక్క ఇంట్లో ఉంది. ఆసుపత్రి డిశ్చార్జి కాగితం దొరికింది. తిరిగొచ్చిన ఆర్టీసీ టికెట్టు కూడా ఆవిడ పర్సులోనే దొరికింది గాని, దాని మీద అక్షరాలన్నీ మాసిపోయి తెల్ల కాగితంలా ఉంది. ఆ యంత్రపు టికెట్ల మీద అచ్చు నెలల్లోనే పోతుందని అప్పటిదాకా మాకు తెలియదు. మీ దగ్గర అలాంటివి ఏమున్నా ఈ రోజే జిరాక్సు తీయించండి.

ఇంకొక మాట. మా పుస్తకంలో రెండు పేజీల కుడి వైపు చివరిదాకా ఖాళీగానే ఉండిపోయింది. ఆ రెండూ మావాడు చేసినవే. వాటిని కాదని కౌంటరులో (పిటిషనుకు ఇచ్చే జవాబులో) రాయించవద్దని మా న్యాయవాది గట్టిగా చెప్పాడు, అప్పట్లో నాకు కోపం వచ్చింది. తరవాత ఆ రెండింటినీ ఒప్పుకోవడం వల్లనే మిగతా తొమ్మిదింటి మీద మేం చెప్పిన మాటను మేజిస్ట్రేటు గారు నమ్మారని నాకనిపించింది.

ఎదురు కేసు ఊసు ఎత్తనివ్వకండి. కట్నం ఇచ్చానన్న వాంగ్మూలాన్ని బట్టి బాధితుల మీద ప్రాసిక్యూషను పెట్టరాదని వరకట్న చట్టం ఏడో సెక్షనులోనే ఉందట. పైగా ఆ ఫిర్యాదు పెడితే కట్నం తీసుకున్నామని మన చేత్తో మనమే రాసిచ్చినట్టవుతుంది.

ఒక విశ్రాంత కౌన్సెలర్:

ఈ నగరంలోనే చాలా ఏళ్లు కుటుంబ సలహా కేంద్రంలో పనిచేశాను, ఎక్కువగా భార్యల పక్షాన కూర్చున్నదాన్ని. మీ ప్రశ్నలో 'చాలావరకు జరగనివే' అన్న మాట దగ్గర నేను ఆగాను. పిటిషనులోని తేదీ తప్పు కావచ్చు, సంఘటన తప్పు కాకపోవచ్చు. ఆవిడ చెప్పింది ఒకటైతే, టైపు చేసినవారు దాన్ని తమ నమూనాలో పెట్టి రాసింది ఇంకొకటి కావడం నేను వందసార్లు చూశాను. మీ న్యాయవాది తేదీని కొట్టవచ్చు, కానీ ఆ రోజు కాకపోతే ఏ రోజన్న ప్రశ్నకు జవాబు మీ దగ్గర ఉండాలి.

నగలు, సామాను ఎక్కడున్నాయి? స్త్రీధనం పూర్తిగా ఆవిడ సొత్తని 1985లోనే సుప్రీంకోర్టు తేల్చింది. పట్టి ఉంచుకుంటే నమ్మకద్రోహం నేరం కూడా తోడవుతుంది. కోర్టు అడిగేదాకా ఆగకుండా న్యాయవాది ద్వారా అప్పగించండి. పెళ్లి ఫోటోలు ముందు పెట్టుకుని నల్లపూసలు, రెండు పేటల గొలుసు, పాప మొలతాడు, చివరికి ఇత్తడి బిందె దాకా జాబితా రాసి, బంగారం తూకం వేయించి, ఇరువైపులా సంతకాలు తీసుకోండి.

మధ్యంతర రక్షణ ఉత్తర్వు వస్తే అది అన్యాయమని మీకు అనిపించినా దాన్ని అక్షరాలా పాటించాలి. ఉల్లంఘిస్తే ఏడాది దాకా జైలు, ఇరవై వేల దాకా జరిమానా, పైగా అది బెయిలు ఇవ్వనక్కరలేని నేరం. ఉత్తర్వులో ఆవిడను ఏ విధంగానూ సంప్రదించరాదని ఉంటే, పాప పుట్టినరోజుకు మీ స్నేహితుడి ఫోను నుంచి పంపిన శుభాకాంక్షలు కూడా సంప్రదింపే. ఉత్తర్వు మీద ముప్పై రోజుల్లో సెషన్స్ కోర్టుకు అప్పీలు వెళ్లవచ్చు, పరిస్థితులు మారితే మార్పు కోరవచ్చు. ఇంకొకటి: ఇంట్లోంచి వెళ్లిపొమ్మని మిమ్మల్ని ఆదేశించవచ్చేమో గాని, మీ అమ్మగారిని ఆదేశించడానికి వీల్లేదు. స్త్రీ మీద అలాంటి ఉత్తర్వు ఇవ్వరాదని గృహహింస చట్టం 19వ సెక్షనులోనే రాసి ఉంది.

గాజువాక నివాసి:

అందరికీ కృతజ్ఞతలు. నోటు పుస్తకం ఈ సాయంత్రమే కొన్నాను. నగలు అమ్మ బీరువాలో ఉన్నాయి, రేపు న్యాయవాదికి చెబుతాను. ఒక సందేహం మిగిలింది. పోయిన ఏడాది మా ఇద్దరి మధ్య నడిచిన వాట్సాప్ సందేశాలన్నీ నా పాత ఫోనులో ఉన్నాయి, దాని తెర పగిలిపోయింది. వాటిని స్క్రీన్‌షాట్లు తీసి ప్రింటు వేయించి, ఫోనును మార్పిడి ఆఫరులో ఇచ్చేద్దామనుకుంటున్నాను. భరణం విషయంలో జీతం పత్రాలు ఎన్ని నెలలవి పెట్టాలి?

విశాఖ న్యాయవాది:

ఫోను ఇవ్వవద్దు. తెర బాగు చేయించండి గాని లోపలిది చెరపనివ్వకండి, రీసెట్ చేయనివ్వకండి. స్క్రీన్‌షాట్ల ప్రింట్లు ఒక్కటే కోర్టులో నిలవవు. భారతీయ సాక్ష్య అధినియం (కొత్త సాక్ష్య చట్టం) 63వ సెక్షను కింద ధ్రువపత్రం కావాలి, అందులో ఒక భాగం మీరు, మరో భాగం నిపుణుడు సంతకం చేయాలి, ఆ ఫైలు హ్యాష్ విలువ (ఫైలు మారలేదని చూపే, వేలిముద్ర లాంటి సంకేతం) కూడా రాయాలి. అసలు ఫోను చేతిలో లేకపోతే ఆ ధ్రువపత్రం పుట్టదు. సందేశాల్లో మీకు పనికొచ్చేవే ఏరి పెట్టకండి. మొత్తం సంభాషణ పెట్టండి, ఎందుకంటే మిగతా సగం అవతలివారి ఫోనులో ఉంది.

భరణానికి 2020లో సుప్రీంకోర్టు నిర్దేశించిన నమూనాలో ఆస్తులు, అప్పులు, ఆదాయం వెల్లడిస్తూ అఫిడవిట్ వేయాలి. జీతం పత్రాలతో పాటు బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఇంటి అప్పు కాగితాలు, అమ్మగారి మందుల ఖర్చు వివరం కూడా సిద్ధం చేసుకోండి. ఉద్యోగం మానేశానని చూపించమనే సలహా ఎవరైనా ఇస్తే వినకండి, పి.ఎఫ్. ఖాతా అంతా చెప్పేస్తుంది. భరణాన్ని మామూలుగా దరఖాస్తు తేదీ నుంచే లెక్కిస్తారు, వాయిదాలు సాగదీసిన కొద్దీ బకాయి పెరుగుతుందే గాని తగ్గదు. ఈ లోపు పాప బడి ఫీజు మీరు కడుతూ ఉంటే అది బ్యాంకు ద్వారానే కట్టండి, నగదుగా ఇవ్వకండి.