హంస రెక్కలోని జంట నక్షత్రాలు: పక్కనున్నది గ్రహాన్ని లాగేసుకోదా?

ప్రశ్న (ఉప్పల్ నుంచి)
దసరా సెలవుల్లో మా అమ్మాయి, నేను డాబా మీద నాలుగు అంగుళాల టెలిస్కోపు పెట్టుకున్నాం. మెట్రో స్టేషన్ వైపు ఆకాశం వెలిసిపోయి ఉంటుంది, ఉత్తరం కాస్త నయం. హంస ఆకారంలో ఉండే నక్షత్రరాశి (సిగ్నస్) పడమటి రెక్క వెంట వెదికి వెదికి 16 సిగ్ని అనే జంట నక్షత్రాలను పట్టుకున్నాం. ఐపీస్‌లో తెల్లజొన్న గింజలు రెండు పక్కపక్కనే పెట్టినట్టు ఉంది. రెండూ మన సూర్యుడి లాంటివే. మా పిల్ల వాటికి అక్క, చెల్లి అని పేర్లు పెట్టింది. కాస్త మసకగా ఉన్న చెల్లి చుట్టూ గ్రహం ఉందని 1996లో కనుగొన్నారని చెప్పాను. “మరి అక్క లాగేసుకోదా అమ్మా?” అంది. జవాబు తోచలేదు. పొద్దున ఇడ్లీ ముందు కూర్చుని మళ్లీ అదే అడిగింది. ఎనిమిదో తరగతి పిల్లకు అర్థమయ్యేలా ఎవరైనా చెప్పండి.

జవాబు 1 (తార్నాక, ఫిజిక్స్ ఉపాధ్యాయుడు)
అమ్మా, అవి దాదాపు 70 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్నాయి కాబట్టి మనకు పక్కపక్కనే కనిపిస్తాయి. వాటి మధ్య ఎడం భూమికీ సూర్యుడికీ ఉన్న దూరానికి కనీసం 860 రెట్లు. మన నెప్ట్యూన్ 30 రెట్ల దగ్గరే ఉంది! గ్రహమేమో చెల్లికి మూడు రెట్ల దూరం కూడా దాటదు. దూరం పెరిగితే ఆకర్షణ వర్గం లెక్కన తగ్గుతుంది కదా, అక్క లాగుడు చెల్లి లాగుడులో లక్షో వంతుకు అటూఇటూ. అందులోనూ చాలా భాగం చెల్లినీ గ్రహాన్నీ కలిపే లాగుతుంది. తేడా పిసరంతే మిగులుతుంది.

జవాబు 2 (సైనిక్‌పురి)
ఆ పిసరే ముఖ్యమండీ. ఈ గ్రహం సుమారు 800 రోజులకోసారి చుట్టి వస్తుంది, కానీ కక్ష్య బాగా సాగిపోయింది. ఓ కొసన మన శుక్రుడికంటే లోపలికి, మరో కొసన కుజుణ్ణి దాటి చాలా దూరం పోయినంత. గ్రహం తిరిగే కక్ష్య, రెండు నక్షత్రాలు తిరిగే కక్ష్య ఒకదానికొకటి బాగా వాలి ఉంటే, దూరపు నక్షత్రం కోట్ల ఏళ్లపాటు మెల్లగా లాగి గుండ్రటి కక్ష్యను ఇలా సాగదీయగలదు. 1960ల మొదట్లో లిడోవ్, కోజాయ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు విడివిడిగా చేసిన లెక్క ఇది. ఇక్కడ జరిగింది అదేనన్నది బలమైన వివరణ.

ప్రశ్న వేసినవారు
మాస్టారూ, మీ 860 పట్టుకుని మా పిల్ల నోట్‌బుక్‌లో ఓ లెక్క చేసింది. అక్క వెలుగు సూర్యుడికి ఒకటిన్నర రెట్లకు పైనే. దూరం వర్గంతో భాగిస్తే, ఆ గ్రహం మీద అక్క ఇంచుమించు మన నిండు చందమామంత వెలుగిస్తుంది, అదీ ఒక్క చుక్కలోంచి. రాత్రి నీడలు పడతాయట. ఇప్పుడు చెల్లినే మళ్లీ చూడాలని డాబా తాళం అడుగుతోంది.